మా బావ ఎంచిన వెలుతురు

మా బావ ఇంద్రసేన అబిడ్స్‌లో ఒక ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణంలో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. పేరుకు సేల్స్‌మన్. కానీ ఆ చుట్టుపక్కల చీరల దుకాణం తెరిచినా, ముత్యాల దుకాణం తెరిచినా షోకేసులో ఏ ట్యూబ్‌లైట్ పెట్టాలో అడగడానికి ఆయన దగ్గరికే వచ్చేవారు. ఏ లైటు కింద ఎర్రపట్టు నల్లబడుతుందో, ఏ లైటు కింద నాసిరకం ముత్యం కూడా మెరుస్తుందో ఆయనకు కరతలామలకం. గొప్పలకూ తక్కువేమీ లేదు. భోజనానికి ఎవరింటికి వెళ్లినా ముందు తలెత్తి బల్బు చూసి పెదవి విరిచేవాడు. మా అక్క అనసూయ "ముందుగాల ఇస్తారిల అన్నం చూడు" అని కసిరేది.

ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. తెలుగు గడగడా మాట్లాడతాడు, రాయడం, చదవడం రాదు. నిజాం కాలంలో బడికి వెళ్లిన మావాళ్లలో చాలామంది అంతే. కాగితం పని ఏదున్నా లక్డీకాపూల్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నా మీద పడేది.

1966 డిసెంబరులో ఆయన్ని వెతుక్కుంటూ మాబెల్ గారు వచ్చారు. బషీర్‌బాగ్ దగ్గర ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. సొంతూరు మెదక్. రామేశ్వరం దాకా వెళ్లి, పాలక్యాన్లలో సముద్రపు నీళ్లు నింపి, మూడు పగడపు గుత్తుల్ని ప్రాణాలతో రైల్లో తెచ్చుకున్నారామె. పగడమంటే ఉంగరంలో రాయి అనుకునే మాకు, అది వేల పురుగులు కట్టుకున్న ఇల్లని ఆమె చెబితేనే తెలిసింది. నాంపల్లిలో ఏటా జనవరిలో పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్‌లో, కాలేజీ స్టాలులో గాజుతొట్టిలో వాటిని చూపించాలి. నుమాయిష్ ముగిసేదాకా అవి బతికుంటే, సముద్రజీవుల కోసం కాలేజీలో ఒక గది ఇస్తానని ప్రిన్సిపాల్ మాటిచ్చాడు. ఆ గది కోసం ఆమె ఆరేళ్లుగా తిరుగుతున్నారు.

లైటు ఎంచడానికి బావ ఒక ఆదివారం కాలేజీకి వెళ్తూ నన్నూ తోడు తీసుకెళ్లాడు.

"వీటి ఒంట్ల కంటికి కనపడని చిన్నచిన్న మొక్కలుంటయి ఇంద్రసేన గారూ" అన్నారు మాబెల్ గారు. "ఆ మొక్కలు పెడితేనే వీటికి తిండి. మొక్కలకేమో ఎండ కావాలె. స్టాల్ల ఎండ రాదు. ఎండకు దగ్గరున్న లైటు చూసియ్యండి."

బావ నాలుగు రకాల ట్యూబులు తొట్టి మీద ఒక్కొక్కటే వెలిగించి చూపించాడు. నీలం కలిసిన డేలైట్ ట్యూబును ఆమె ఎంచుకున్నారు. దాని కింద పగడాలు తడిసిన కొబ్బరిపీచులా గోధుమరంగులో కనిపించాయి. బావ మొహం మాడ్చుకున్నాడు.

"గిదేం లైటు టీచరమ్మా! మంచిగున్నోడు గూడ గీ లైటు కింద పీనుగు లెక్క కనవడ్తడు. మా దుకాణాలల్ల ఎవ్వరు పెట్టరు."

"అందం కాదు కావాల్సింది. ఆ గోధుమరంగే వాటి పానం. తెల్లబడ్డయంటే పోతున్నట్టే. జర యాదిల పెట్టుకోండి."

"ఔ, ఔ" అన్నాడు బావ. స్టాలులో మూడు డేలైట్ ట్యూబులూ బుద్ధిగా బిగించాడు.

నుమాయిష్ మొదలైన రెండో వారంలో ఆమె తల్లికి జబ్బు చేసి మెదక్ వెళ్లాల్సి వచ్చింది. తొట్టి పూచీ బావ తీసుకున్నాడు. ఫికర్ చెయ్యొద్దని ఆమెను బస్సెక్కించి వచ్చాడు కూడా. ఆ సాయంత్రం స్టాలు ముందు ఎవరో పెద్దమనిషి "ఏంది, గీ మురికి రాళ్లా?" అనేసి వెళ్లిపోయాడు. బావకు తల కొట్టేసినట్టయింది. తను లైటు పెట్టిన చోట జనం ఆగకపోవడం ఆయన ఎరగడు. మర్నాడే మూడు ట్యూబులూ పీకేసి, పసుపు కలిసిన ట్యూబు ఒక్కటి పెట్టి, కళ్లకు గుచ్చుకోకుండా దాని కింద బటర్ పేపర్ కట్టాడు. ముత్యాల షోకేసులకు ఎప్పుడూ చేసే పనే.

జనం మూగారు. పగడాలు రోజురోజుకూ లేతబడి, మూడు వారాలకు పాలలా తెల్లబడ్డాయి. జనం ఇంకా మూగారు. బావ మా అక్కనూ నన్నూ తీసుకెళ్లి చూపించి "మురికంత వదిలింది, చూసిన్రా!" అన్నాడు. మాబెల్ గారి హెచ్చరిక కాలేజీలో ఆ ఆదివారం నేనూ విన్నాను. నాకూ తట్టలేదు, సిగ్గులేకుండా చెబుతున్నాను. అంత అందంగా ఉన్నాయి మరి.

టీచరమ్మకు ఈ శుభవార్త అందాలని నా చేత కార్డు రాయించాడు. మీ పగడాలు మల్లెపూలలా తెల్లబడ్డాయి, జనం విరగబడి చూస్తున్నారు అని రాశాను. మల్లెపూలు నా సొంత కవిత్వం.

కార్డు అందిన రోజే ఆమె బస్సెక్కారు. చేతిసంచీతో తిన్నగా స్టాలుకు వచ్చి, బటర్ పేపర్ చింపేసి, తొట్టి మీదికి వంగి చాలాసేపు చూశారు.

"రోజూ చూసిన్రు కదా, ఇంద్రసేన గారూ?"

"జనాన్ని చూసిన టీచరమ్మా. వాళ్ల మొహాలే చూస్కుంట నిలవడ్డ."

ఆమె డేలైట్ ట్యూబులు మళ్లీ పెట్టించి, నీళ్లు మార్చి నాలుగు రోజులు అక్కడే కూర్చున్నారు. పురుగుల ఒళ్లు కరిగిపోయి తెల్లటి గూళ్లు మిగిలాయి.

ఐదో రోజు ప్రిన్సిపాల్ వచ్చాడు. వెంట అబిడ్స్ దుకాణదారులు ఇద్దరున్నారు. తొట్టి చూసి "వాహ్, మెరుస్తున్నయి కదా! గది మీదే మాబెల్ గారూ" అన్నాడు. ఇంకెవరైనా ఆ మాటకు నవ్వి ఊరుకునేవారు.

"లేదు సార్, ఇవి చచ్చిపోయినయి" అన్నారామె.

"ఎట్లా?"

"చూసుకోవాల్సింది నేను సార్. మధ్యల ఊరికి పోయిన."

బావ రెండడుగుల దూరంలో ఉన్నాడు. లైట్ల గురించి గంటలకొద్దీ చెప్పే మనిషి నోట ఒక్క ముక్క రాలేదు. ఎదురుగా ఉన్నది తన పేరు నలుగురికీ చెప్పే దుకాణదారులు. నేను మాత్రం నోరు తెరిచానా? బావ పరువు అనుకుని నేల చూశాను. ఆ గదిలో తర్వాత విరిగిన బెంచీలు పెట్టారట. రెండేళ్లకు ఆమె ఉద్యోగం వదిలేసి మెదక్‌లో ఒక బడికి టీచరుగా వెళ్లిపోయారు.

బావ గొప్పలు మానేశాడు. 1973లో ఒకరోజు ఇన్‌లాండ్ కవరు తెచ్చి నా ముందు పెట్టాడు. "టీచరమ్మకు, తప్పు నాదే, ఆ రోజు సార్‌కు చెప్పకపోతి అని రాయి" అన్నాడు. ఈసారి నా కవిత్వం ఏమీ కలపకుండా అంతే రాశాను.

పది రోజులకు జవాబు వచ్చింది. ఆయనకు చదవడం రాదు కనుక పైకి చదివాను. "ఇంద్రసేన గారూ, పగడాలు పోయినందుకు మీ మీద నాకు కోపం రాలేదు. మీరు తెలియక చేశారు. కానీ ప్రిన్సిపాల్ గారి ముందు నేను మీ వైపు రెండుసార్లు చూశాను."

ఆ చివరి వాక్యం మింగేసి ఉండాల్సింది. నోరు జారాక తెలిసింది. బావ ఉత్తరం తీసుకుని, తనకు రాని అక్షరాలను కాసేపు చూశాడు.

"రెండు కాదు బామ్మర్దీ" అన్నాడు. "మూడుసార్లు చూసింది."