నా ఊపిరితిత్తి మీద నేనే చెప్పిన దొంగసాక్ష్యం

డాక్టర్ హారిక పాఠాన్ని నేను నాశనం చేశాను. ఆ అమ్మాయి తప్పు లేదు, విద్యార్థుల తప్పు అంతకంటే లేదు. మొత్తం నాదే. అదీ మంచం దిగకుండా, ఒంటి మీద చొక్కా అయినా లేకుండా చేసిన తప్పు. పడుకున్న ముసలాడు ఏం చేయగలడులే అనుకునేవాళ్లు ఇది చదివి భయపడాలి. 

కిందటేడాది మాట. అప్పుడు నాకు డెబ్బై. ఇంకా కుర్రతనం వదల్లేదు. ఓడరేవులో క్రేను నడిపి రిటైరైనవాణ్ని. బడి చదువు అయిదో తరగతితో సరి. లెక్క తప్పిందని మాస్టారు చెవి మెలిపెడితే, ఆ చెవితో ఇంక మీ పాఠం విననని చెప్పి బయటికొచ్చేశాను. ఆ మెలి ఎడమ చెవికో కుడి చెవికో కూడా గుర్తుంది: ఎడమ చెవికి. తర్వాత చదువంతా నాకు నేనే చెప్పుకున్నాను. అందుకే ఎవరైనా ఎవరికైనా పాఠం సరిగ్గా చెప్పకపోతే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటే నా కొంప ముంచింది.

నాకు కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. విశాఖలోనే ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చేర్చారు. పేరు చెప్పను, పాపం, వాళ్లు నాకు అపకారమేమీ చేయలేదు. పక్క మంచం మీద అప్పలరాజు అని ఒక జాలరి, ఆయాసం మనిషి. నేను చేరిన గంటలోనే నన్ను బావను చేసేసుకున్నాడు.

రోజూ పదింటికి డాక్టర్ హారిక అయిదుగురు విద్యార్థులను వెంటేసుకొని నా మంచం చుట్టూ చేరేది. ఆవిడ పీజీ, అంటే ఒకపక్క తాను చదువుకుంటూ, ఒకపక్క రోగుల్ని చూస్తూ, మిగిలిన పక్క ఏదైనా ఉంటే దానితో పిల్లలకు పాఠం చెప్పే డాక్టరు. ఆనందపురం వైపు రైతుల బిడ్డ, మంచి పిల్ల. కానీ పాఠం చెబుతుంటే ఓడలోంచి బొగ్గు దింపినట్టుండేది.

"ఇక్కడ నీరెందుకు చేరుతుంది? చెప్పండి. చెప్పండి! తెలీదా? నిన్ననే చెప్పాను కదా! మీరసలు పుస్తకం తీస్తున్నారా? సర్లే, రాసుకోండి."

ప్రశ్నకీ తిట్టుకీ మధ్య రెప్ప వేసే సందు లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ వార్డులో చెప్పేవాళ్లకీ వినేవాళ్లకీ కలిపి పడుకున్నవాడు లోకువ. నా ఛాతీ మీద తట్టి తట్టి, నా పేరైనా అడగకుండా వెళ్లిపోయేవారు.

మూడో రోజు ఉండబట్టలేక నోరు విప్పాను.

"డాక్టరమ్మా, పిల్లల్ని అడిగినాక కాసింత ఊపిరి తీసుకోనియ్యాల తల్లీ."

"తాతా, ఊపిరి తీసుకోవలసింది నువ్వు. గట్టిగా తియ్యి!"

అయిదుగురూ నవ్వారు. ఆ పాఠంలో వాళ్లు నోరు తెరవడం అదే మొదలు.

కానీ ఆ సాయంత్రం హారిక ఒక్కతే వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"నువ్వన్న మాటే మా పెద్ద మేడం కూడా అన్నారు తాతా. మా కాలేజీలో ఇప్పుడు పీజీలకి పాఠం సెప్పడం నేర్పుతన్నారు. మేం సెబుతుంటే మేడం వెనక కూకుని సూసి రాసుకుంటారు. నా గురించి ఏటి రాసేరో తెల్సా? 'ఈమె మాట్లాడింది, వాళ్లు భయపడ్డారు, ఎవరూ నేర్చుకోలేదు' అని."

"అయితే ఏటవుతాది?"

"ఈ గురువారం మళ్లీ వత్తారు. ఈసారీ అలాగే ఉంటే పిల్లల్ని నా దగ్గర్నుంచి తీసేత్తారు. నాకు సిన్నప్పట్నించీ టీచరవ్వాలనే తాతా. డాక్టరవడం కూడా అందుకే."

చెబుతుంటే ఆ పిల్ల చేయి వణికింది. అది చూసి నా గుండె జారిపోయింది. జాలితో అనుకునేరు! బుధవారం మధ్యాహ్నం నా వీపులో సూది దింపి నీరు తీయవలసింది ఆ చేయే.

ఆ రాత్రి నేను పడ్డ భయం పగవాడికి కూడా వద్దు. ఈ అమ్మాయి ధైర్యంగా ఉంటే తప్ప నా వీపుకు క్షేమం లేదు. పిల్లలు టకటకా జవాబులు చెబితే ఈమెకు ధైర్యం వస్తుంది. మరి వాళ్లకు జవాబులు ఎవరు చెప్పాలి? నేనున్నాను కదా! మూడు రోజులుగా నా రోగం మీద పాఠాలు విని విని నాకు అంతా కంఠతా వచ్చేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను మంచం గెలవకుండానే వార్డు గెలవబోయాను.

తెల్లారగానే విద్యార్థులు కనపడితే దగ్గరికి పిలిచాను.

"ఇనండి. కుడేపు కింద నీరుంది, తడితే బండరాయి మీద తట్టినట్టుంటాది. ఊపిరి సప్పుడు ఇనపడదు. మేడం అడిగితే తడుముకోకండి, ఇదే సెప్పీండి."

మౌనిక అనే అమ్మాయి అరచేతిలో రాసేసుకుంది. పొడుగు సందీప్ అయితే "తాతా, నువ్వే మా గైడు" అని నా కాళ్లు పట్టుకున్నంత పనిచేశాడు.

అప్పలరాజు అంతా చూస్తున్నాడు.

"ఏటి బావా, సేపపిల్లలకి ఈత నేర్పుతన్నావా?"

"నేర్పితే తప్పేటి?"

"తప్పు నేదు. నీకు ఈత రాదు గదా అని."

బుధవారం రానే వచ్చింది. సూది చూడగానే నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను. తెలియనివాళ్లు కూడా వచ్చి ఉంటారు. చిత్రం, హారిక చేయి రాయిలా నిలబడింది. రెండు సీసాల నీరు తీసింది. కట్టు వేస్తూ చెవి దగ్గర చెప్పింది.

"తాతా, రేపు పాఠంలో నువ్వు నోరెత్తకూడదు. నేనూ ఏం చెప్పను. పిల్లలే తట్టి, విని కనుక్కోవాలి. సరేనా?"

"అలాగే తల్లీ."

రేపు నోరెత్తకూడదంది. మొన్న ఎత్తినదాని సంగతి అడగలేదు. నేనూ చెప్పలేదు. అబద్ధమాడానంటారా?

గురువారం పెద్ద మేడం వచ్చి అప్పలరాజు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. కళ్లజోడు, పుస్తకం, పెన్ను. నవ్వు మాత్రం ఇంట్లో పెట్టి వచ్చినట్టున్నారు.

హారిక నెమ్మదిగా అంది. "పరీక్ష చేసి, ఏం కనపడిందో చెప్పండి. తొందరేం లేదు."

సందీప్ నా వీపు మీద వేలు ఆన్చి, రెండో వేలితో తట్టి, "బండరాయిలా ఉంది మేడం" అన్నాడు. రెండోవాడూ అదే అన్నాడు. మూడోవాడు తట్టకముందే అన్నాడు.

హారిక ముఖంలో నెత్తురు తగ్గింది. "ఇంకోసారి తట్టి చూడండి."

"బండరాయే మేడం!"

అప్పుడు విన్నాను నేను. ఆ చప్పుడు బండరాయిది కాదు. డబడబా మోగుతోంది! ఓడరేవులో నూనె పీపాలు తట్టి నిండుదేదో, ఖాళీదేదో కళ్లు మూసుకొని చెప్పినవాణ్ని. నిన్న రెండు సీసాలు తోడేశాక నా సొంత పీపా ఎలా మోగుతుందో మాత్రం నా మట్టిబుర్రకు ఎక్కలేదు. నీరు పోయిందని పిల్లలు తమంతట తాము కనుక్కోవడమే ఆ వేళ పాఠం. ఆ పాఠం గొంతు నేను మూడు రోజుల ముందే పిసికేశాను.

మేడం పెన్ను కరకరా నడుస్తోంది. అది హారిక బతుకు మీద గీత గీస్తున్నట్టే వినపడింది నాకు. మౌనిక కూడా తట్టి, స్టెతస్కోపు పెట్టి బెదిరిపోయింది.

"మేడం, తాతకి గుండె చాలా ఫాస్ట్‌గా కొట్టుకుంటోంది!"

మేడం లేచి నిలబడ్డారు. "లేని నీరు ఉందని ముగ్గురు చెప్పారు. ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?"

అయిదు జతల కళ్లు నా మీద వాలాయి. భయంతో నా స్వయంకృషి చదువంతా ఎగిరిపోయి, నిజం ఒక్కటే మిగిలింది.

"నానే మేడం. నానే సెప్పాను. ఈ పాపకేటీ తెల్దు. ఆయమ్మ దగ్గర్నుంచి పిల్లల్ని తియ్యకండి."

ఇక తిట్లే అని కళ్లు మూసుకున్నాను. హారిక నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే మూసింది. తర్వాత మౌనిక వైపు తిరిగింది.

"నువ్వు కూడా తట్టావు కదా. నీకేం వినపడింది?"

"మోగింది మేడం."

"మరి వాళ్లు తప్పు చెబుతుంటే ఊరుకున్నావేం?"

మౌనిక నేల చూపులు చూసింది. "నాకే చేతకాలేదేమో అనుకున్నా. తప్పు చెబితే మీరు తిడతారు కదా మేడం."

హారిక ఆ మాట మింగడం నేను చూశాను.

"మళ్లీ తట్టు. తప్పైనా పర్లేదు. నేను ఆగుతాను."

ఆగింది. నా లెక్కకు ఒక ఓడ రేవులోకి వచ్చి, సరుకంతా దింపుకొని వెళ్లిపోయేటంత సేపు ఆగింది. మౌనిక తట్టింది, వింది, ఎడమవైపు తట్టి పోల్చుకుంది, నా వీపు మీద కట్టు చూసింది.

"నీరు లేదు మేడం. మొన్న ఉంది. నిన్న తీసేశారు!"

పెద్ద మేడం పుస్తకం మూసి, మంచికో చెడ్డకో ఒక్క మాట అనకుండా వెళ్లిపోయారు.

"తెడ్డు ఇరిగిపోనాది బావా, ఇంక ఈ పాప ఒడ్డెక్కదు" అన్నాడు అప్పలరాజు.

రెండ్రోజులకు నన్ను ఇంటికి పంపేశారు. ఫలితం హారికకూ తెలియలేదు. నేను మేడంకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను: నేరం నాది, శిక్ష కూడా నాకే వేయండి అని. జవాబు లేదు. చెకప్‌కి వెళ్లినప్పుడల్లా హారిక ఎదురుపడుతుందేమోనని స్తంభాల చాటున నక్కి నడిచాను. ఇంట్లో పోస్టుమాన్ గేటు తీస్తే నాకు సూది గుర్తొచ్చేది. చివరికి ఒక ఉదయం సముద్రం వైపు తిరిగి, చేయి చాచి ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ ఆసుపత్రిలోనూ ఏ విద్యార్థికీ ఒక్క ముక్క చెప్పను, నా రోగం పేరు నన్నడిగినా పక్క మంచం వాణ్ని అడగమంటాను, ఇది తప్పితే నా నాలుక ఉప్పునీళ్లలో ఊరుగాక!

నాలుగు నెలలకు జవాబు వచ్చింది.

"అయ్యా, మీ ఉత్తరం ఆలస్యంగా చూశాను. డాక్టర్ హారిక దగ్గర పిల్లల్ని తీయలేదు. ఇంకో అయిదుగురిని ఇచ్చాం. ఆమె తిట్టబోయి ఆగిన ఆ ఒక్క క్షణం కోసమే మేం ఈ శిక్షణంతా పెట్టుకున్నది. వచ్చే నెల కొత్త పీజీలకు మొదలుపెడుతున్నాం. విద్యార్థులకు నిండు ధైర్యంతో తప్పుడు జవాబులు అందించగల పేషెంటు ఒకరు కావాలి. ఎంత వెతికినా మీ అంతటివారు దొరకలేదు. తప్పక రాగలరు."