దేముడు దించిన బోర్డు

ఖరగ్‌పూర్ పార్సెలాఫీసులో "దేముడి మీద భారం వేశాం" అంటే అది భక్తికి సంబంధించిన మాట కాదు. అక్కడ దేముడు నిజంగానే ఉండేవాడు. ఖాకీ నిక్కరు వేసుకుని, తలకి తుండు చుట్టుకుని, చేత ఇనప కొక్కెం పట్టుకుని, పిలిచినా పిలవకపోయినా ప్లాట్‌ఫారం మీద ప్రత్యక్షమయ్యేవాడు. బంగాళాదుంపల బస్తా అయినా, కుట్టుమిషనయినా, ఎవరి పెళ్ళికో వెళ్ళే మంచమయినా, భారమన్నది అతని మీదే వేసేవారు. వేసినవాళ్ళు వెళ్ళి నిశ్చింతగా టీ తాగేవారు.

దేముడికి పై దేవుడికి లేని చిక్కు ఒకటుండేది. అతను టెంపరరీ. కళింగపట్నం దగ్గర పల్లె నుంచి మేనమామ వెంట వచ్చి చేరి పదకొండేళ్ళయినా టెంపరరీయే. రైల్వేలో ఆ మాట ఎంత శాశ్వతమైనదో అనుభవం మీద గాని తెలియదు. టెంపరరీవాడు మోసే బస్తాలో పర్మనెంటువాడి బస్తా కంటే ఒక్క దుంప తగ్గదు. పాసు మాత్రం ఉండదు, కోటు ఉండదు, క్వార్టరు ఉండదు. దేముడూ, అతని భార్య దాలమ్మా రైల్వేవాళ్ళ కాలనీ అయిన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మేనమామగారి క్వార్టరు వరండాకి గోనెపట్టా కట్టుకుని కాపరం చేస్తున్నారు. ఆ మేనమామ దసరా వెళ్ళగానే రిటైరవుతున్నాడు. క్వార్టరు పోతుంది, దానితోపాటు వరండా పోతుంది.

"గోనెపట్టా ఒక్కటీ మిగుల్తాది," అనేది దాలమ్మ. "దాన్ని ఏ సెట్టుకి కడతావో సూసుకో."

దసరా దగ్గర పడుతున్న ఆ రోజుల్లోనే, అంటే అరవై నాలుగులో, అదే సెటిల్‌మెంట్ పక్కన సొంతింట్లో ఉన్న ఆర్థర్ అనే మెయిలు డ్రైవరుకి ఒక పార్సెలు రావలసి ఉంది. ఆర్థర్ చిన్నతనంలో సెలవులకి గోపాల్‌పూర్ వెళ్ళి, చెక్కముక్క మీద బోర్లా పడుకుని కెరటాల మీద ఒడ్డుకి జారేవాడు. ఇంజను దిగి రిటైరైన ఆ ఏడు ఆ సరదా మళ్ళీ పుట్టింది. ఆస్ట్రేలియాలో ఉన్న తమ్ముడు, ఇప్పుడు పడుకోవడం పాతబడింది, నిలబడే కెరటం ఎక్కుతున్నారని చెప్పి, పదడుగులకి పైబడిన బోర్డొకటి ఓడలో పంపించాడు.

ఇలాంటి బోర్డుకి సముద్రం మీద ప్రమాదం తక్కువ. అది సముద్రం కోసమే పుట్టింది. ప్రమాదమంతా ఒడ్డు చేరాకే. రైలు బ్రేకువ్యానులో పదడుగుల నున్నటి పలక కనిపిస్తే మనిషన్నవాడు ఊరుకోడు. ఒకడు కూర్చుంటాడు. ఇద్దరు కలిసి పేక పరుస్తారు. వాళ్ళు లేచాక మూడోవాడు పడుకుంటాడు, వాడు దిగాక చేపల బుట్టలు ఎక్కుతాయి. ఇన్నిటికీ తట్టుకున్నా, చివర దించేవాడు కొక్కెం వేస్తాడు. పైన పల్చటి గాజుపొర, లోపల నురగలాంటి సరుకు; కొక్కెం ఒక్కసారి దిగిందంటే ఆ తర్వాత అది బోర్డు కాదు, జల్లెడ. ఆర్థర్‌కి ఇదంతా తెలుసు. అంతకు ముందు అతని గ్రామఫోను పెట్టెలో బయల్దేరి సంచీలో చేరింది. అందుకని దిష్టి తగలకుండా బోర్డు సంగతి ఎవరికీ చెప్పలేదు. జరిగినదానికంతటికీ ఈ జాగ్రత్తే మూలం.

కలకత్తా నుంచి ఫోను వచ్చేసరికి పార్సెల్ బాబు వెంకటరావుగారు టీకి వెళ్ళారు. దేముడే ఎత్తాడు.

"ఖరగ్‌పూర్? శోనో దాదా, బోర్డ్ ఆస్ఛే. రేపు పొద్దుటి పాసింజరుకి."

ఏ బోర్డు అని దేముడు అడగలేదు. ఏ సూర్యుడని ఎవరైనా అడుగుతారా? రైల్వే కాలనీలో బోర్డంటే ఒక్కటే, రైల్వే బోర్డు. అది ఢిల్లీలో ఉంటుంది. బూట్లివ్వాలన్నా, సెలవివ్వాలన్నా, టెంపరరీని పర్మనెంటు చెయ్యాలన్నా దానికే తెలియాలి. దేముడు తుండు తీసి, నిలబడి, ఊపిరి బిగబట్టి మిగతా మాటలు విన్నాడు. విన్నవి విన్నట్టు బాబుగారికి అప్పజెప్పాడు.

"బోర్డొస్తందట బాబూ. ఓడ దిగి తిన్నగా వొస్తందట."

వెంకటరావుగారి చేతిలో టీ సాసరులోకి ఒలికింది. "విదేశాల పర్యటన ముగించుకునన్నమాట. ఇంకా?"

"సానా పెద్దదట. మామూలు పెట్టిలో పట్టట్లేదట."

"పట్టదు మరి. అంతటివాళ్ళకి వేరే పెట్టె, సెలూను వేస్తారు. ఇంకా?"

"ఎండ తగలకూడదట. దెబ్బ తగిల్తే మనందరి ఉజ్జోగాలూ గోవిందా అన్నాడు. ముందర తోక దిగుతాదట, తరవాత ముక్కట."

వెంకటరావుగారు ఇక్కడ కాస్సేపు కళ్ళు మూసుకున్నారు. ఆయన మెట్రిక్ ఫస్టుక్లాసు. "తోకంటే వెనకాల వచ్చే గుమాస్తాలురా. వాళ్ళు ముందు దిగి తలుపు పట్టుకుంటారు," అని చెప్పి, డివిజనంతటికీ అధికారి అయిన పెద్దసాహెబు బంగళాకి పరుగెత్తారు.

ఆ సాయంత్రానికి స్టేషనులో గోడలకి సున్నం పడింది. బాకీగా ఉన్న అద్దాలు కిటికీలకి వచ్చాయి. ఎప్పుడూ నిద్రపోయే కుక్కని నిమ్‌పురా యార్డుకి బదిలీ చేశారు. ఆ ప్లాట్‌ఫారం పొడుగుకి ఎర్రతివాచీ ఎక్కడ పరచాలన్నది ఒక్కటే తెగలేదు. ఉన్న తివాచీ చిన్నది, ప్లాట్‌ఫారం ఊరంత. చివరికి ఫస్టుక్లాసు ఆగేచోట పరిచారు. కొక్కేలు చూడ్డానికి మోటుగా ఉంటాయని అన్నీ తీయించి గదిలో పెట్టి తాళం వేయించారు. టెంపరరీవాళ్ళు కూడా చూడ్డానికి బాగుండరని, వాళ్ళని తీసుకెళ్ళి బ్రేకువ్యాను ఆగే కొసకి నిలబెట్టమన్నారు.

అయినా వెంకటరావుగారు మనసున్నవాడు. "ఒరే దేముడూ, ఎలాగైనా ముందుకు దూరి నీ గోడు చెప్పుకో," అని, ఇంగ్లీషు ముక్క ఒకటి నేర్పారు: "సర్, ఎలెవెన్ ఇయర్స్ టెంపరరీ. కైండ్లీ పర్మనెంట్."

దేముడు ఇంటికొచ్చి ఆ ముక్క వల్లిస్తుంటే, దాలమ్మ మేనమామగారి కోటుకి గంజి పెడుతూ అడిగింది.

"బోర్డంటే మనిసా, మనుసులా?"

"బోర్డంటే బోర్డేనే. డిల్లీలో ఉంటాది."

"ఆడదా, మగోడా?"

దేముడు ఆలోచనలో పడ్డాడు. పదకొండేళ్ళలో ఈ సందేహం ఎవరికీ రాలేదు. "అందరూ 'సెప్తాది, సేస్తాది' అంటారు గాని, 'సెప్తాడు' అన్నోడు నాకు కనబళ్ళేదు."

"అయితే ఆడదే," దాలమ్మ తీర్పు చెప్పింది. "మంచిదే. వరండా కాపరమంటే ఏటో మొగోల్లకి ఏటి తెలస్తాది? కుళాయి మాట కూడా అడుగు. సిగ్గుపడి ఊరుకోకు."

తెల్లారి దాలమ్మ బంతిపూల దండ కట్టి ఇచ్చింది. ఇచ్చి ఊరుకోక తనూ వెంట వచ్చి, ప్లాట్‌ఫారం కొసన నీళ్ళ పంపు చాటున నిలబడింది.

బండి వచ్చింది. తివాచీ దగ్గర పెద్దసాహెబు కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, గులాబీల దండతో సిద్ధంగా ఉన్నాడు. ఫస్టుక్లాసు తలుపు తెరుచుకుని, ఊరగాయ జాడీతో ఒక ముసలాయన దిగాడు. బ్యాండు మోగింది. ఆయన జాడీ జాగ్రత్తగా కింద పెట్టి, అందరికీ నమస్కారం చేసి, జాడీ తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఎవరూ దిగలేదు.

కొసన బ్రేకువ్యాను తలుపు దభాలున జరిగింది. దించమని లోపల నుంచి గార్డు కేక వేశాడు. "ఏయ్ ఖరగ్‌పూర్! బోర్డ్ నామాఓ! జల్దీ!"

దేముడు కోటు సర్దుకున్నాడు. చీకట్లోంచి ముందుగా తోక వచ్చింది. దుప్పట్లు, గోనెపట్టాలు చుట్టిన తోక. దాని కింద చేపరెక్కలాంటిదొకటి పొడుచుకుని ఉంది. దేముడు దాని వంక చూశాడు, దాని వెనకాల చీకట్లోకి చూశాడు. ఇంకెవరూ లేరు. బోర్డు ఇదే. పదకొండేళ్ళు ఎదురుచూసిన బోర్డు ఇదే.

ఇంజను కూత వేసింది. గార్డు అవతల నుంచి తోశాడు. బోర్డు సగం పైగా బయటికొచ్చి, ముక్కు పైకి లేచి, తోక రాతి ప్లాట్‌ఫారం మీదికి వాలిపోతోంది. మామూలు రోజయితే దేముడు కొక్కెం విసిరేవాడు. ఆ రోజు చేతిలో ఉన్నది పూలదండ. దాన్ని చప్పున తన మెడలోనే వేసుకుని, రెండు అరచేతులూ కింద పెట్టి, బోర్డుని మెత్తగా నెత్తి మీదికి తీసుకున్నాడు. అంత కంగారులోనూ రాత్రంతా వల్లించిన ముక్క దానంతటదే బయటికొచ్చేసింది: "సర్, ఎలెవెన్ ఇయర్స్ టెంపరరీ. కైండ్లీ పర్మనెంట్."

బోర్డు ఏమీ అనలేదు. బండి కదిలిపోయింది.

పంపు చాటు నుంచి దాలమ్మ వచ్చింది. "ఇదేటయ్యా, దీనికి మొకం లేదేటి?"

"ముక్కుందటే. అటుపక్కకెల్లి సూడు."

ఈలోగా తివాచీ దగ్గర నుంచి పెద్దసాహెబు, ఆయన వెనక వెంకటరావుగారు, వాళ్ళ వెనక బ్యాండు, ఆ ప్లాట్‌ఫారం పొడుగునా పరుగెత్తుకుంటూ వచ్చారు. వచ్చేసరికి ఎవరికీ ఊపిరి లేదు, బ్యాండువాళ్ళకి మరీను.

"బోర్డు వస్తోందని చెప్పిందెవరు?" అన్నాడు పెద్దసాహెబు.

వెంకటరావుగారి వేలు, ఆయన మనసుతో సంబంధం లేకుండా, దేముడి వైపు లేచింది.

"ఒచ్చీసింది గదా బాబూ," అన్నాడు దేముడు. తప్పు చేసినవాడు తల వంచుకోవాలని అతనికి తెలుసు. కాని తల మీద బోర్డుంది. వంచడానికి వీల్లేదు. అందుకని నిటారుగా, మెడలో దండతో, పెద్దసాహెబు కళ్ళలోకి తిన్నగా చూస్తూ నిలబడవలసి వచ్చింది. ఇది ఆయనకి మరింత కోపం తెప్పించింది.

"రేపటి నుంచి ఈ మనిషి నా కంటికి కనపడకూడదు!"

దాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వెంకటరావుగారు బూట్ల వంక చూసుకున్నారు. దేముడు పైనున్న బోర్డుని మాత్రం కదలనివ్వలేదు.

సరిగ్గా అప్పుడు ఆర్థర్ వచ్చాడు. పార్సెలు విడిపించుకుందామని సైకిలు మీద వచ్చినవాడు, ముందు తివాచీ చూశాడు, సున్నం చూశాడు, తర్వాత బ్యాండునీ దండలనీ గంజి కోటునీ చూశాడు, వీటన్నిటి నడుమా ఒక మనిషి నెత్తి మీద తన బోర్డు చూశాడు. సైకిలు అక్కడే పడేశాడు. గోనెపట్టాలు విప్పి, ముక్కు నుంచి తోక దాకా అరచేత్తో తడిమాడు. చిల్లు లేదు. గీత లేదు.

"హుక్ కహాఁ మారా?" నమ్మలేక అడిగాడు.

"కొక్కేలు లేవు సాబ్. బాబులు దాసీసినారు."

ఆర్థర్‌కి కళ్ళు చెమర్చాయి. ముప్పైనాలుగేళ్ళు ఇంజను తోలాడు. ఒక్కనాడూ అతనికి ఎవరూ ప్లాట్‌ఫారం మీద ఎదురొచ్చి దండ వెయ్యలేదు. ఇప్పుడు రిటైరైనవాడి పార్సెలుకి రైల్వే ఇంత మర్యాద చేస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. పెద్దసాహెబు చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుని ఊపాడు. ఈ సంగతి ఇవాళే జనరల్ మేనేజరుగారికి రాస్తానన్నాడు.

పెద్దసాహెబు ఒక్క క్షణం ఆలోచించాడు. జరిగింది పొరపాటని చెప్పుకోవచ్చు. పైవాళ్ళ మెప్పు తీసుకోవచ్చు. రెండూ కుదరవు. ఆయన గులాబీల దండ ఆర్థర్ మెడలో వేసి, గొంతు సవరించుకున్నాడు. "పొడుగుపాటి పార్సెళ్ళని కొక్కెం తగలకుండా దించే పద్ధతి ఈ రోజు నుంచి ఇక్కడ మొదలుపెట్టాం. దీనికి ప్రత్యేకంగా తర్ఫీదిచ్చిన మనిషి ఉన్నాడు." బ్యాండువాళ్ళు, ఇది తమకు సైగ అనుకుని, ఊపిరి అందినంత మేరకు వాయించారు.

ఆర్థర్ పాత రైల్వేవాడు. టెంపరరీవాడికి రైల్వే బస్తా ఇస్తుంది గాని తర్ఫీదు ఇవ్వదని అతనికి తెలుసు. అందుకని, ఏ దురుద్దేశమూ లేకుండా, ఉత్తరంలో రాయడానికే అడిగాడు.

"పేరు? పర్మనెంట్ హ్యాండేనా?"

వెంకటరావుగారు ఈసారి వేలు ఎత్తలేదు, తలెత్తారు. "పేరు దేముడండి," అన్నారు. తర్వాతి మాట తనది కాదన్నట్టు పెద్దసాహెబు వైపు తిరిగారు.

పెద్దసాహెబు దేముడి వంక చూశాడు. దేముడు బోర్డు కింద నిటారుగా నిలబడే ఉన్నాడు.

"అవుతున్నాడు," అన్నాడు పెద్దసాహెబు.

ఆర్థర్ అన్నమాట ప్రకారం ఉత్తరం రాశాడు. పెద్దసాహెబు ఇక ఆ మాట మింగడానికి వీలు లేకపోయింది. దసరా ముందే ఆర్డరొచ్చింది. మేనమామగారి సామాను ఒక బండిలోనూ, వీళ్ళ గోనెపట్టా ఒక్కటీ దాలమ్మ చంకలోనూ క్వార్టరు ఖాళీ చేశాయి. నిమ్‌పురాలో ఒక గది దొరికింది. గదికి తలుపు, వాకిట్లో కుళాయి ఉన్నాయి. మొదటి వారం దాలమ్మ ఆ కుళాయిని అవసరం లేకపోయినా తిప్పుతూ ఉండేది.

ఆ తర్వాత ఏటా వేసంగిలో ఆర్థర్ బోర్డు గోపాల్‌పూర్ వెళ్ళి వచ్చేది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దేముడే నెత్తిన పెట్టుకునేవాడు. పర్మనెంటు అయ్యాక మిగతా పార్సెళ్ళకి కొక్కెం మళ్ళీ వేశాడు గాని, దానికి మాత్రం వెయ్యలేదు. ఆర్థర్ కెరటం మీద నిలబడగలిగాడా లేదా అన్నది ఎవరూ అడగలేదు. వచ్చిన ప్రతిసారీ మోచేతులకి కట్లుండేవి, మొహం మాత్రం వెలిగిపోతుండేది.

కొత్తగా చేరిన టెంపరరీవాళ్ళు దేముడి దగ్గరికొచ్చి, నిన్ను పర్మనెంటు చేసిందెవరు మామా అని అడిగేవారు.

"బోర్డేరా," అనేవాడు దేముడు. "నా గోడు నోరిప్పి సెప్పినాను. ఇన్నాది."

దాలమ్మ ఆ మాటకి ఎప్పుడూ ఒక సవరణ వేసేది. "ఇనదేటి మరి? ఆడదని నాను ముందే సెప్పినాను."