అల్యూమినియం పలక

నా పీహెచ్‌డీ పరిశోధన గడువు ఇంకా పదకొండు వారాలే ఉంది. అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మా గైడ్ సార్ కళ్లజోడు తుడుచుకుంటూ, "అబ్ ఔర్ టైమ్ నహీ మిలేగా, బేటా. ఇక గడువు దొరకదు, ఉన్నదానితోనే రాసెయ్" అన్నారు. నా దగ్గర ఉన్నదంటూ ఏమీ లేదు.

అల్యూమినియం పలక మీద చిన్న ఉక్కు గుండ్లను ఒకే పొరగా పరిచి, కింది నుంచి కుదపడం నా పని. మెల్లగా కుదిపితే గుండ్లు స్ఫటికంలా సర్దుకుంటాయి, ఒక్కోదాని చుట్టూ ఆరేసి. కుదుపు పెంచితే ఆ అమరికలో లోపాలు పుడతాయి. ఒక గుండు చుట్టూ అయిదే ఉంటాయి, దాని పక్కదాని చుట్టూ ఏడు. ఇలాంటి జంటలు విడివిడిగా తిరగడం మొదలుపెడితే వరసలు చెదిరిపోతాయి, కానీ వాటి దిక్కు మాత్రం ఇంకా మిగిలి ఉంటుంది. ఆ అయిదూ ఏడూ కూడా విడిపోయాకే అంతా ద్రవమవుతుంది. నేను చూపించాల్సింది ఆ మధ్య దశని. ఏడాదిగా అది కనిపించలేదు. ప్రతిసారీ ఒక పక్క నుంచి అంతా కుప్పకూలేది.

ఒక ఆదివారం భిలాయి ఖుర్సీపార్‌లోని మా ఇంట్లో, గుండ్ల ఫోటోలన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్నాను. కంప్యూటర్ లెక్కని నమ్మలేక ఒక్కో గుండు చుట్టూ ఎన్నున్నాయో పెన్సిలుతో నేనే లెక్కపెడుతున్నాను. అమ్మ వచ్చి వంగి చూసింది.

"ఏటే ఇది, సందు చుక్కల ముగ్గులాగున్నాది."

"ముగ్గు కాదమ్మా. తొక్కకు."

అమ్మ కూర్చుని ఒక ఫోటో మీద వేలు పెట్టింది. "ఈ వరస మద్దిలో ఆగిపోనాది, సూడు." తర్వాత రెండోది, మూడోది చూసింది. "అన్నిట్లోనూ ఈ మూలే ఆగిపోతన్నాదేటే?"

మిగతా ఫోటోలన్నీ దగ్గరికి లాక్కుని చూశాను. అన్నిట్లోనూ ఆ మూలే.

మర్నాడు ల్యాబ్‌లో గుండ్లన్నీ తీసేసి, పలక మీద స్టీలు స్కేలుని అంచు మీద నిలబెట్టాను. ఆ మూలలో స్కేలు కింద నుంచి సన్నగా వెలుతురు కనిపించింది. వేలికి కూడా తెలియనంత పల్లం. లోపాలు మొదలవుతున్నది అక్కడే. ఏడాదిపాటు నేను కొలిచింది ఆ సొట్టనే. బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను.

సార్‌కి చెప్పాను. "ఫోటోల్లో ఆ మూల కత్తిరించి మిగతాది చూపించు" అన్నారు. అంత దిగజారడానికీ సిద్ధపడ్డాను. రెండు పేజీలు రాశాను. కానీ అక్కడ మొదలైంది పలకంతా పాకిపోయిందని నాకు తెలుసు. చించేశాను.

వైశాలి నగర్‌లో అద్దాల దుకాణం నుంచి మందపాటి గాజు పలక తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టాను. తొమ్మిదో వారంలో ఆ మధ్య దశ కనిపించింది. వరసలు పోయాయి, దిక్కు ఉంది. జంటలు ఒక మూలలో కాదు, అంతటా పుడుతున్నాయి. సంతోషించడానికి కూడా ఓపిక లేదు. మరో రెండుసార్లు అలాగే వచ్చింది. థీసిస్‌కి అది చాలదు. గడువు దాటింది, రిజిస్ట్రేషన్ రద్దయినట్టు కాగితం వచ్చింది.

"మళ్లీ నీ పేరు రాసుకోరేటే?" అంది అమ్మ.

"రాసుకుంటారు. మొదటినుంచి చెయ్యాలి."

ఇప్పుడు భిలాయి-3లో ఒక స్కూల్లో సైన్సు చెబుతున్నాను. కొత్త దరఖాస్తు సగం నింపాను. ఇంతకుముందు ఎందుకు పూర్తిచేయలేకపోయారో రాయమని ఒక గడి ఉంది. నాలుగు నెలలుగా అది ఖాళీగానే ఉంది.