అరుగు రాళ్లు

మబ్బు పడితే నేను ఇప్పటికీ ఇంట్లో నిలవలేను. చేస్తున్న పని వదిలేసి వాకిట్లోకి వస్తాను, మళ్ళీ లోపలికి పోతాను, మళ్ళీ వస్తాను. మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళు ఆ వేసవి చూడలేదు కదా.

మా అత్తవారిది జమ్మలమడుగు పక్కన పల్లె. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా రేగడి చేను ఏటేటా తరిగిపోతుండేది. మిట్ట మీద పడ్డ వాన చేనులోంచి ఉరికి, మంచి మట్టినంతా వంకలోకి ఈడ్చుకుపోయేది. వ్యవసాయ ఆఫీసువాళ్ళు వచ్చి వాలుకు అడ్డంగా సున్నంతో గీత గీసిపోయారు. ఆ గీత వెంబడి ఇంటికో వాటా చొప్పున కట్ట పోయాలని ఊళ్ళో అనుకున్నారు. అందరి వాటాలూ పైకి లేచాయి. మా వాటా దగ్గర మాత్రం కట్ట నోరు తెరుచుకుని ఉంది.

మామగారు అప్పటికే లేరు. మా ఆయన పత్తి బండి తోలుకుని ప్రొద్దుటూరు పోయి, ధర తెగక అక్కడే చిక్కుకున్నాడు. ఇంట్లో మిగిలింది అత్తా నేనూ. నేను పోయి మట్టి వేస్తానంటే అత్త ఒంటికాలి మీద లేచింది.

"మనింటి కోడలు తట్ట మోసిందంటే నేను ఊర్లో తలెత్తుకోని తిరగాల్నా, వద్దా?"

మా చేనికి దిగువన ఒక సాయిబు చేను. ఆయన ఇంటికే వచ్చాడు. "అక్కా, మబ్బు ముదురుతాండాది. మీ వాటా నేనూ మా ఇంటామె పోసేస్తాం. ఆ సందులో నీళ్లు దూరితే మీ చేను, నా చేను రెండూ పోతాయి."

"మా వాటా మేమే పోసుకుంటాంలేప్పా," అంది అత్త.

నన్ను పోనివ్వదు, ఆయన్ను పోయనివ్వదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పొయ్యి దగ్గర కూర్చుంటే చెవులు బండి చప్పుడు కోసం వీధిలో, కళ్ళు ఆకాశంలో. రొట్టెలు మాడ్చి తిట్లు కూడా తిన్నాను. చివరికి ఒక మధ్యాహ్నం మిట్ట మీద మెరుపు కనబడగానే, తట్టా పారా తీసుకుని నడిచాను. అత్త తిట్టుకుంటూ నా వెనకాలే వచ్చింది.

సాయిబూ ఆయన భార్యా మా వాటాను ముట్టుకోకుండా పక్కనే నిలబడి ఉన్నారు. నేను మట్టి పోస్తుంటే వాళ్ళూ అందుకున్నారు. పోసిన మట్టి పోసినట్టే జారిపోతోంది.

"ఉత్త మట్టి నిలవదక్కా. ముందర రాళ్లు పరచాల. మిట్ట మీద రాళ్లన్నీ ఊరోళ్లు ఏరుకపోయినారు. ఇప్పుడు యాడ తెచ్చేది?" అన్నాడాయన.

అత్త తిట్టడం మాని సందు దగ్గరికి వచ్చింది. జారిన మట్టిని కాలితో తోసి చూసింది. "బండి కట్టుకోని రాప్పా, మా ఇంటికి," అంది.

మా ఇంటి ముందు అరుగుకు నున్నటి నాపబండలు. ఊళ్ళో తగువులన్నీ మామగారు ఆ అరుగు మీదే కూర్చుని తీర్చేవారట. అత్త వాటిని రోజూ తడిగుడ్డతో తుడిచేది. ఆ మొదటి బండ కిందికి తనే గడ్డపార దూర్చింది. నాకు ఏడుపొచ్చింది.

"ఏడుస్తావేందిమే? పట్టు," అంది.

చివరి బండ పరిచి పైన మట్టి కప్పేసరికి చినుకులు మొదలయ్యాయి. తర్వాత కుండపోత. కట్ట నిలిచింది. మా చేనిలో నీళ్లు ఎటూ పోకుండా నిలబడటం నేను అదే మొదలు చూడటం.

మా ఆయన తిరిగొచ్చి వాకిట్లోనే ఆగిపోయాడు. "అమ్మా, అరుగు యాడ?"

"చేన్లో ఉండాది. పోయి చూడుపో," అంది అత్త, చెరుగుతున్న చేట పక్కన పెట్టకుండానే.

అరుగు మళ్ళీ కట్టలేదు. ఆ తర్వాత మబ్బు పడితే చాలు, అత్త నాకంటే ముందే తట్ట చంకనేసుకుని వాకిట్లో నిలబడేది. "ఇంకా రావేందిమే?" అని లోపలికి కేకేసేది. ఆమె పోయి ఏళ్ళయింది. మబ్బు పడితే ఆ కేక వినబడినట్టే ఉండి, నేను బయటికి వస్తాను.