పాసంటే ఏ పాసు?

యాదగిరీ, నీ మీద నాకు పదేళ్లుగా కోపం ఉంది. నిన్న మిర్యాలగూడ బస్సులో కండక్టరు "తాతా, పాసున్నదా?" అని అడిగితే అది మళ్ళీ లేచింది.

దోస్తులూ, మనవడితో ఈ వాట్సాప్ గ్రూపులో రాయిస్తున్నాను. మన త్రిపురారం బడి గుర్తుందా? అప్పట్లో మనకు పాసంటే ఒకటే. చిటికెన వేలు చూపించి "సార్, పాసు" అని తుమ్మచెట్టు వెనక్కి ఉరకడమే.

అయిదో తరగతి ఫలితాల రోజు సార్ మొదట పిలిచిన పేరు నాదే. "పాస్" అన్నాడు. అడగకుండానే పంపుతున్నాడనుకుని బయటికి ఉరికాను. తిరిగొచ్చేసరికి పేర్లు చదవడం అయిపోయింది, సార్ లేడు. పక్కన కూర్చునేవాడివని నిన్నే అడిగాను.

"నా సంగతేందిరా?"

"నీది ఖతం, పో," అని నవ్వావు.

ఫెయిలయ్యాననుకుని ఇంట్లో అదే చెప్పాను. తెల్లారి నాయన నా పలకను చూరులో దోపి, నన్ను బర్రెల వెంట పంపాడు. సుద్దముక్క వాసన అంతటితో సరి.

పదేళ్ల కింద కోదాడలో పెళ్లి భోజనాల దగ్గర నువ్వే అందరికీ చెప్పావు. "సార్ పాస్ అంటే వీడు పాసుకు పోయిండు! క్లాసుల ఫస్టు వీడే!" అందరూ నవ్వారు. నేను ఆకు మడిచి లేచాను.

నేను పాసయ్యానని ఆనాడే తెలిసి దాచావా? శుక్రవారం కంటి డాక్టరు కోసం మీ సూర్యాపేట వస్తున్నాను. ఆలోపు ఈ గ్రూపులోనే, అందరి ముందు, అవునో కాదో రాయి. ఆ రెండు మాటలు చదవడం నాకు వచ్చు.