కళ్లు మూసుకుని సింహాలు చూసిన కేశవరావు గారు

మా కేశవరావు గారికి నాలుగు కాళ్లున్న ప్రాణి ఏదైనా భయమే. పులీ సింహమూ దాకా అక్కర్లేదు. మేముండే కనాటా అనే ఊళ్లో, మా వీధిలో ఉడత ఎదురైతే చాలు, ఆయన అవతలి ఫుట్‌పాత్ మీదికి మారిపోతారు.

వాళ్ల పక్కింట్లో పిడికెడంత కుక్క ఉంది. చలికాలంలో స్వెట్టర్ కూడా వేసుకుంటుంది. అది వాకింగ్‌కి వచ్చే వేళకి ఈయన చెత్తడబ్బా కూడా బయట పెట్టరు. ఒకసారి ఇంటి వెనక చెక్క డెక్ మీదికి రకూన్ అనే పిల్లిలాంటి జంతువు వచ్చిందని ఆఫీసుకి సెలవు పెట్టేశారు. అది ఎప్పుడో వెళ్లిపోయిందని భార్య సుగుణ గారు చెప్పినా, వెళ్లినట్టు నటిస్తోందేమో అన్నారట.

అలాంటి మనిషి ఈ ఏడాది, మంచు ఇంకా కరగకముందే, మా తలుపు కొట్టి, కెన్యా వెళ్లి సింహాల్ని చూద్దామన్నారు.

అప్పటికి నా భార్య చంద్రకళ పోయి ఒక శీతాకాలం గడిచింది. నా ఉద్యోగం ఇంటినుంచే. మీటింగుల్లో మ్యూట్‌లో ఉండేవాణ్ణి. మీటింగ్ అయ్యాక కూడా మ్యూట్‌లోనే ఉండేవాణ్ణి. సుగుణ గారు పంపిన కూరల డబ్బాలు మూత తీయకుండానే ఫ్రిజ్‌లో పేరుకుపోయేవి.

రానన్నాను. ఆయన వదల్లేదు. ఈ భయం పోవాలంటే సఫారీకి వెళ్లాల్సిందేనని డాక్టరు చెప్పారట. సుగుణ గారికి మోకాళ్ల నొప్పులట. ఒక్కరే వెళితే అక్కడే గుండె ఆగిపోతుందట. పాపం, ఆయన కోసమే కదా అని ఒప్పుకున్నాను.

కెన్యాలోని మసాయ్ మారా అభయారణ్యంలో, పైకప్పు తెరిచిన జీపులో అందరూ నిలబడి చూస్తుంటే, కేశవరావు గారు సీట్ల మధ్య కింద కూర్చుని, టోపీ ముక్కుదాకా లాక్కుని, నా చొక్కా అంచు పట్టుకున్నారు. కనిపించిందల్లా నేను చెప్పాలి. జీబ్రాలు గడ్డి తింటున్నాయంటే, గడ్డేనా అని అడిగేవారు. జిరాఫీ మెడ చాచిందంటే, ఎటువైపు అంటూ ఇంకా కిందికి జారేవారు. సింహాల దగ్గరైతే ఊపిరి కూడా మెల్లగా తీశారు. ఈయనకి చూపు సరిగా లేదనుకుని గైడు జాలిపడి, ప్రతి జంతువు దగ్గరికీ జీపుని మరికాస్త దగ్గరగా పోనిచ్చేవాడు.

ఒకనాడు మధ్యాహ్నం, క్యాంపులో భోజనం దగ్గర అడిగాను.

"వచ్చినప్పటినుంచీ మీరు కళ్లే తెరవలేదు. వెనక్కి వెళ్లాక డాక్టరుకి ఏం చెబుతారండీ?"

"ఏ డాక్టరు?" అన్నారు, చపాతీ తుంచుతూ.

అనేశాక ఆయన చెయ్యి ఆగిపోయింది.

"డిన్నర్‌కి పిలిస్తే రారు, సినిమాకి పిలిస్తే రారు. సాయం కావాలంటే మాత్రం కాదనలేరని సుగుణ అంది. సాయం అడగాలంటే నేను దేనికో ఒకదానికి భయపడాలి కదండీ. నాకున్న భయం ఇదొక్కటే."

పప్పు గిన్నె ఆయన వైపు జరిపాను.

ఆ సాయంత్రం ఏనుగుల గుంపు దారికి అడ్డంగా వచ్చింది. గైడు ఇంజన్ ఆపాడు. ఒక పిల్ల ఏనుగు తన తొండం తనే తొక్కుకుని తూలింది. నాకు నవ్వొచ్చింది. చంద్రకళ ఉంటే దాన్ని చూసి ఏమనేదో కేశవరావు గారికి చెప్పాను. తను పోయాక తన మాట నా నోట రావడం అదే మొదటిసారి. చెప్పి, చటుక్కున ఆగిపోయాను.

కిందనుంచి చిన్న గొంతు వినిపించింది.

"ఆపకండి. మీరు మాట్లాడకపోతే అది దగ్గరికొచ్చిందేమోనని భయంగా ఉంది."

అది నిజంగానే దగ్గరికొచ్చింది. ఆ ఒక్క సంగతీ తప్ప మిగతావన్నీ చెబుతూనే ఉన్నాను.