మూడడుగుల లైటు

మాణిక్యాలరావు పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. కళ్లు మూస్తే లోపల చీకటిగా ఉంటుందని భయం. సరే, బొత్తిగా వేయలేదంటే డాక్టర్లు ఒప్పుకోరు. వేసేవాడు, కాకపోతే ఒక కన్ను తరవాత ఇంకో కన్ను. అదీ నమ్మకపోతే పోనివ్వండి, గదిలో లైటు ఆర్పితే నిద్రపోడన్నంతవరకు మాత్రం ఖాయం. దానికి అతని పెళ్లాం రాజ్యలక్ష్మి సాక్షి. అతను కువైట్ నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ మొహం మీద చెంగు కప్పుకునే పడుకుంటోంది.

ఇంతటివాడూ పగలు మాత్రం సింహం. కువైట్‌లో ఒక షేకు దగ్గర కారు నడిపినన్నాళ్లూ వీధి దీపాల కింద తప్ప రాత్రి అనేది ఎరగడు. ఊళ్లోకొచ్చాక మాత్రం ఎడారిలో ఒంటరిగా పడుకున్నాననీ, తన గురకకి తోడేళ్లు పారిపోయాయనీ టీ కొట్టు దగ్గర కోతలు కోశాడు. అవి విని, ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువులున్న శ్రీరామచంద్రమూర్తి గారు అతన్ని రాత్రి కాపలాకి పెట్టుకున్నారు. విన్నవాడి తెలివి చెప్పినవాడి తెలివికి ఏమాత్రం తీసిపోలేదన్నమాట.

పని బ్రహ్మవిద్యేమీ కాదు. గట్టు చుట్టూ తిరిగి, నీళ్లలోకి గాలి చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడాలి. అవి ఆగిపోతే తెల్లారేసరికి రొయ్యలు చచ్చి తేలతాయి. మాణిక్యాలరావు బిందెంత తలకాయ ఉన్న టార్చి భుజాన వేసుకుని మొదటి రాత్రి వెళ్లాడు. వెళ్లినవాడు ఊరుకోక, దాన్ని నీళ్ల మీదికి కొట్టాడు. లైటు పడితే రొయ్యల కళ్లు నిప్పుకణికల్లా ఎర్రగా మెరుస్తాయని ఆ చుట్టుపక్కల పాలు తాగే పిల్లకైనా తెలుసు. ఇతనికి తెలీదు. చెరువు నిండా వేల కళ్లు తననే చూస్తున్నాయి. అది చాలనట్టు, ఆ వెలుగుకి బెదిరి రొయ్యలు టపటపా ఎగిరాయి. తోడేళ్లను గురకతో తరిమిన వీరుడు మోటారు షెడ్డులో దూరి గడియ పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి గట్టు మీద ముందు రాజ్యలక్ష్మి, వెనక ఆవిడ చెంగు పట్టుకుని కాపలాదారు.

సంగతి మూర్తి గారి చెవిన పడింది.

"ఏవయ్యా, మీ ఆవిణ్ణి వెంటబెట్టుకొస్తున్నావంట."

"ఆయ్, ఆవిడికి చెరువు గాలంటే సరదాండి."

"సరదా అయితే పగలు రమ్మను. ఆదివారం నించి నువ్వొక్కడివీ తిరగాలి. లేదంటే వేరేవాణ్ణి చూసుకుంటాను."

ఆ ఇంటికి వచ్చే జీతం అదొక్కటే. అది పోతే మాణిక్యాలరావు రాత్రీ పగలూ ఇంట్లోనే ఉంటాడు. ఉన్నంతసేపూ కువైట్ కథలు చెబుతాడు. రాజ్యలక్ష్మికి చీకటంటే భయం లేదు, పామంటే భయం లేదు. భయమల్లా ఈ ఒక్కదానికే.

శనివారం పొద్దున్నే బస్సెక్కి అమలాపురంలో సత్యదుర్గారావు కరెంటు సామాన్ల కొట్టుకి వెళ్లింది.

"ఇది కిలోమీటరు కొడుద్దమ్మా. సైరన్ కూడా ఉంది," అన్నాడు సత్యదుర్గారావు.

"మూడడుగులు కొట్టేది చూపించండి."

"మూడడుగులకి టార్చెందుకమ్మా, అగ్గిపుల్ల చాలదా?"

"గాలికి ఆరిపోద్దండి."

ఇచ్చినదాన్నల్లా పట్టుకుని ఆవిడ కొట్టు వెనక సరుకు గదిలోకి వెళ్లడం, తలుపేసుకోవడం, "గోడ కనపడిపోతందండి, వద్దు" అంటూ తిరిగి రావడం. గోడ కనపడకూడదని టార్చి కొనే మనిషిని సత్యదుర్గారావు చూడడం అదే మొదలు.

"ఇంతకీ ఎవరికమ్మా?"

"చీకటంటే భయపడేవాళ్లకండి."

"అలాంటోళ్లకి పెద్ద లైటు కావాలి కదమ్మా."

"పెద్ద లైటు ఎంత దూరం పడితే అంత దూరం భయపడతారండి."

సత్యదుర్గారావు అటక మీంచి పాత రేకు టార్చి ఒకటి తీసి దుమ్ము ఊదాడు. పసుపు నీళ్లు ఒలకబోసినట్టు దాని వెలుగు కాళ్ల దగ్గరే ఆగిపోయింది.

"వాడేసిన సెల్సు వెయ్యమంటారా? ఇంకా తగ్గుద్ది," అన్నాడు వెటకారంగా.

రాజ్యలక్ష్మి కాసేపు నిజంగానే ఆలోచించింది. "వద్దండి. మధ్యలో ఆరిపోతే మళ్లీ నేనే వెళ్లాలి."

ఇంటికొచ్చి మొగుడితో, "పెద్ద లైటుకి రొయ్యలు బెదిరి మేత ముట్టవంటండి. తెలిసున్నవాళ్లు ఇదే వాడతారని కొట్టాయన చెప్పేరు," అంది. కొట్టాయన అలాంటి ముక్కేదీ అనలేదు.

"ఆ సంగతి నేను కువైట్‌లోనే విన్నాను," అన్నాడు మాణిక్యాలరావు.

ఆదివారం రాత్రి ఒక్కడూ గట్టెక్కాడు. ఒక్కడూ అని అతను అనుకున్నాడు. రాజ్యలక్ష్మి చెప్పులు విడిచి, చేతిలో ఏ వెలుగూ లేకుండా వెనకాలే నడిచింది. అతని ముందు కంచమంత వెలుగు, అందులో అతని కాలివేళ్లు. అతనికి లోకమంటే అంతే, దాని అవతల ఏముందో అడిగే మనిషి కాదు. నీరుకట్టు పాము ఒకటి అయిదడుగుల అవతల గట్టు దాటిపోయింది. అతనికి తెలీదు, ఆవిడ చూసింది. కొబ్బరిమట్ట ఒకటి దబ్బున పడితే ఆగి, "యల్లా, యల్లా" అన్నాడు. అరబ్బీలో పద పద అనడమే అది, కోనసీమ దయ్యాలు తిట్టనుకుని హడలిపోతాయని కాబోలు. ఒక ఏరేటరు చప్పుడు ఆగిపోతే వెళ్లి స్విచ్చి కూడా వేశాడు. ఇందులో మెచ్చుకోవడానికేమీ లేదు, చెవుడు లేని ఎవడైనా చేస్తాడు. గట్టు చుట్టూ తిరిగి షెడ్డుకి చేరాడు. రాజ్యలక్ష్మి ఇంటికెళ్లి, లైటార్పి, మొహం మీద చెంగు లేకుండా నిద్రపోయింది.

ఉద్యోగం నిలబడింది. నిలబడ్డాక నోరు ఊరుకుంటుందా?

"పెద్ద లైటేసేవోడు పిరికోడండి," అని టీ కొట్టు దగ్గర పాఠం మొదలెట్టాడు. అది విని తక్కిన కాపలావాళ్లు కూడా అమలాపురం పరుగెత్తి సత్యదుర్గారావు అటక ఖాళీ చేసేశారు. ఇప్పుడా చెరువుల మీద అందరూ ఎవరి కాలివేళ్లు వాళ్లు చూసుకుంటూ తిరుగుతున్నారు. రొయ్యల దొంగలకి చాలా సదుపాయంగా ఉందని వినికిడి.

ఎర్ర కళ్ల సంగతీ, షెడ్డు గడియ సంగతీ నిజమేనా అని మొన్న మిట్టమధ్యాహ్నం అదే టీ కొట్టు దగ్గర అడిగితే, మాణిక్యాలరావు గ్లాసు కింద పెట్టాడు. రెండో చేతిలో రేకు టార్చి ఉంది, బొటనవేలు మీట మీదే ఉంది.

"అంతా అబద్ధమండి. చెరువులో కళ్లూ లేవు, షెడ్డుకి గడియా లేదు. ఈ లైటు మా ఆవిడికి కొన్నాను. చీకటంటే దానికి భయం."